ఒకటిన్నర చుట్టు వదులు

సెయింట్ జాన్స్‌లో ఎల్డన్ ష్రామ్ షెడ్డుకి మనుషుల రాకపోకలు ఎప్పుడు తగ్గాయంటే, అతని కారు ఒక రూపానికి వచ్చాక. అది ముక్కలుగా పడి ఉన్నన్నాళ్ళూ శనివారం వస్తే చాలు, ఇద్దరో ముగ్గురో కాఫీ కప్పులు పట్టుకుని దిగబడేవాళ్ళు. "ఇది ఈ జన్మకి కదలదురా ఎల్డన్" అని ఎగతాళి చేసేవాళ్ళు. ఎగతాళి చేస్తూనే ఇంజన్ ఎత్తడానికి చెయ్యి వేసేవాళ్ళు. మా మిషిగన్ మగాళ్ళంతా ఇంతే. పాడైపోయిన కారుంటే తప్ప ఒకరింటికి ఒకరు వెళ్ళడానికి వంక దొరకదు. బాగున్న కారు దగ్గరికి వెళ్ళి ఏం చేస్తారు? చేతులు ఎక్కడ పెట్టుకోవాలో కూడా తోచదు పాపం.

కారు 1970 ఓల్డ్స్‌మొబైల్ 442. ఇరవై మైళ్ళ అవతల లాన్సింగ్‌లో పుట్టిన బండి. ఎల్డన్ కూడా ఆ చుట్టుపక్కలే ముప్పై ఎనిమిదేళ్ళు పనిచేశాడు, రేకుల్ని గుద్ది కారు తలుపులు తయారుచేసే పెద్ద ప్రెస్సులకి అచ్చులు బిగించే పని. భార్య మార్లీన్ పదకొండేళ్ళ క్రితం ఆరిజోనా వెళ్ళిపోయింది. దెబ్బలాడి కాదు, విసుగెత్తి. "నీతో ఉండటం, నువ్వు లేకుండా ఉండటం, రెండూ ఒకలాగే ఉన్నాయి" అని చెప్పి వెళ్ళింది. ఎల్డన్‌కి ఆ మాటలో తప్పేమీ కనబడలేదు. అదే అతని బాధ.

పింఛను మొదలయ్యాక కారు పట్టుకున్నాడు. పాత ఇంజన్ పీకి, గ్రీజు పూసి, దుప్పటి కప్పి మూల పెట్టాడు. దాని చోట స్క్రాప్ యార్డులో దొరికిన పికప్ ట్రక్కు ఇంజన్ దించాడు. లోపలి భాగాలన్నీ గట్టివి వేసి, ముందు వైపు పుచ్చకాయంత టర్బో బిగించాడు. ఇంజన్ వదిలే పొగే ఆ టర్బోని తిప్పుతుంది, అది తిరిగి ఇంజన్ గొంతులోకి గాలి కుక్కుతుంది. తాగేది మొక్కజొన్న సారా కలిపిన పెట్రోలు. వెనక చక్రాల దగ్గర తొమ్మిది వందల గుర్రాల బలం రావాలి, అయినా నంబరు ప్లేటూ హీటరూ ఉండాలి, పాలు తెచ్చుకోవడానికి కొట్టుకి వెళ్ళేలా ఉండాలి. ఇదీ పంతం. ఆరేళ్ళు పట్టింది.

ఇలాంటి బండికి బిగించడంతో పని అయిపోదు. ఎంత గాలికి ఎంత పెట్రోలు, మంట ఎప్పుడు అంటుకోవాలి అన్నది దాని కంప్యూటరుకి నేర్పాలి. కాస్త తేడా వస్తే పిస్టన్లు మైనంలా కరుగుతాయి. నేర్పేవాళ్ళు ఎక్కడో ఉంటారు. మనం రోడ్డు మీద తోలితే కంప్యూటరు క్షణక్షణానికీ చిట్టా రాసుకుంటుంది. అది పంపిస్తే చదివి, సరిచేసి, తిరిగి పంపుతారు. ఎల్డన్‌కి దొరికిన మనిషి కెంటకీలోని ఓవెన్స్‌బరోలో ఉంటుంది. పేరు నోరీన్ ప్రుయిట్. యాభై తొమ్మిదేళ్ళు, పెళ్ళి చేసుకోలేదు. అన్న రేసు కార్ల షెడ్డులో పని నేర్చుకుని, ఇప్పుడు వంటింటి బల్ల దగ్గర కూర్చుని దేశం నలుమూలల కార్లకీ జాతకం చెబుతుంది. ఆదివారం సాయంత్రం నాలుగింటికి ఫోను.

"ఈ వైర్లు కట్టిందెవరు?" అంది మొదటి ఆదివారం. ఫొటోలూ, మొదటి చిట్టా చూసిందట.

"నేనే. ఏం?"

"నా దగ్గరికొచ్చే బళ్ళలో వైర్లు ఎలా ఉంటాయో తెలుసా? మూడేళ్ళ పిల్లాడు నూడుల్స్ తిని లేచినట్టుంటాయి. నీవి జడ అల్లినట్టున్నాయి. సైన్యంలో చేశావా?"

"ప్రెస్సుల దగ్గర. అచ్చులు బిగించేవాణ్ణి. వెంట్రుకవాసి తేడా వచ్చినా తలుపు సరిగ్గా పడదు."

"మరి అదీ సంగతి. నీతో నాకు పెద్ద పని లేదులే నాయనా. ఇంకో రెండు ఆదివారాలు. ఆ తర్వాత నువ్వెవరో నేనెవరో."

ఆమె మెచ్చుకుంటూ అన్న మాట అది. ఎల్డన్ థాంక్స్ చెప్పి ఫోను పెట్టి, సూపు డబ్బా వేడి చేసుకుని, తిన్న గిన్నె ఒక్కటీ కడిగి బోర్లించాడు. అప్పుడు గానీ తెలియలేదు, నలభై నిమిషాలు మాట్లాడాడని. ఈ మధ్య కాలంలో ఎవరితోనూ అంతసేపు మాట్లాడిన గుర్తు లేదు. మంచి పని చేసినందుకు రెండే ఆదివారాలు దొరికాయి. చెత్తగా బిగించి ఉంటే ఎన్ని దొరికేవో!

మంగళవారం షెడ్డులోకి వెళ్ళి బానెట్ ఎత్తాడు. టర్బో నుంచి ఇంజన్‌కి గాలి వెళ్ళే గొట్టం దగ్గర, రబ్బరు అతుకుని బిగించే ఇనప పట్టీ ఉంటుంది. దాని మర ఒకటిన్నర చుట్టు వదులు చేశాడు. జీవితంలో కావాలని ఏదీ వదులుగా ఉంచని మనిషి. ఒక్క ఆదివారానికే కదా అనుకున్నాడు. ఇలాంటివన్నీ ఒక్కసారికే మొదలవుతాయి మరి.

తర్వాతి చిట్టాలో ఇరవై పౌన్ల గాలి ఒత్తిడి రావలసిన చోట పదహారే వచ్చింది.

"ఎక్కడో గాలి కారుతోంది. గొట్టాలకి సబ్బు నీళ్ళు కొట్టి చూశావా?" అంది నోరీన్.

"చూశాను. ఒక్క బుడగ కూడా రాలేదు."

అది నిజమే. మార్చిలో చూశాడు.

"నువ్వు రాలేదన్నావంటే రానట్టే. ఇంకొకడైతే మళ్ళీ చూడమనేదాన్ని. సరే, టర్బోని ఇంకాస్త గట్టిగా తిప్పుదాం."

ఏప్రిల్ పోయింది, మే పోయింది. గట్టిగా తిప్పితే గాలి వేడెక్కేది. వేడికి మంట సమయం మార్చాల్సి వచ్చేది. అది మారిస్తే ఇంకోటి తప్పేది. ఒక్క పట్టీ మూడు నెలల పని పెట్టింది. ఆ మూడు నెలలూ ఎల్డన్‌కి వారానికి ఒక రోజు మిగిలింది, మిగతా ఆరూ దానికి ఎదురుచూపులే. ఫోనులో మాట్లాడేది ఎక్కువ ఆమే. పక్కింటాయన ట్రంపెట్ నేర్చుకుంటున్నాడనీ, వాళ్ళ కుక్క అది భరించలేక తన వరండాలో కాపురం పెట్టిందనీ చెప్పేది. గ్రాండ్ రాపిడ్స్‌లో చెల్లెలు ఉందనీ, ఆమె వంట కుక్క కూడా తినదనీ చెప్పేది. ఎల్డన్ ఊ కొట్టేవాడు, నవ్వేవాడు. ఫోను పెట్టాక ఆ నవ్వు తన మొహం మీద ఇంకా ఉందని తెలిసి సిగ్గుపడేవాడు.

జూన్‌లో ఆమె మాట కాస్త మారింది. నవ్వులు తగ్గాయి.

"ఈ వేడి సంగతి పోయిన వారం కూడా అడిగానా నిన్ను?"

"అడిగావు."

"అడిగాను కదూ." పెన్సిలుతో ఏదో రాసుకుంటున్న చప్పుడు వినబడింది. "ఇది నాకు అంతు పట్టడం లేదు ఎల్డన్. ముప్పై ఏళ్ళలో ఇలా ఎప్పుడూ అవలేదు. వేరేవాళ్ళ బళ్ళు రెండు ఒప్పుకోకుండా వదిలేశాను, ఇంకెవరికైనా చూపించుకోండని."

అప్పుడు చెప్పాల్సింది. నోటి దాకా వచ్చింది కూడా. కానీ చెబితే ఆ ఆదివారమే ఆఖరిది. "నువ్వు కనిపెడతావులే" అన్నాడు. పెద్ద ధైర్యం చెప్పినట్టు!

జూలైలో ఒక ఆదివారం ఆమే అంది. "చెల్లెలి దగ్గరికి వస్తున్నాను. వచ్చే ఆదివారం మధ్యాహ్నం నీ దగ్గర దిగుతాను. పక్క సీట్లో కూర్చుని నా కళ్ళతో చూస్తే గానీ ఈ దెయ్యం దొరకదు. మీ ఊళ్ళో నిటారు రోడ్డు ఉందా?"

"ఉంది" అన్నాడు ఎల్డన్.

వారమంతా కాలు నిలవలేదు. షెడ్డు నేల కడిగాడు. జుట్టు కత్తిరించుకున్నాడు. ఆదివారం పొద్దున్నే బజారుకి వెళ్ళి పుల్ల చెర్రీలు కూరి కాల్చిన ‘పై’ అనే తీపి రొట్టె ఒకటి కొన్నాడు. కొన్నాక ఆమెకి పుల్లవి పడవేమోనని అనుమానం వచ్చి, మళ్ళీ వెళ్ళి తియ్యటి పీచ్ పళ్ళది ఇంకోటి తెచ్చాడు. ఆమె ఎలాగూ బానెట్ ఎత్తుతుంది, వదులు పట్టీ కళ్ళబడుతుంది, తలెత్తుకోలేం. అందుకని స్క్రూడ్రైవరు తీసి ఒకటిన్నర చుట్టూ బిగించేశాడు. ఇంక ఏ లోపమూ లేదు. తనంతట తానే నయమైందనుకుంటుంది, అనుకున్నాడు.

నోరీన్ పొట్టి మనిషి. కళ్ళజోడు తాడుకి వేలాడుతోంది, చంకలో ల్యాప్‌టాప్, ఇంకో చేతిలో సొంత దిండు. "మీ పాత కార్ల సీట్లలో కూర్చుంటే నాకు ఆకాశం తప్ప రోడ్డు కనబడదు" అంటూ దిండు వేసుకుని ఎక్కింది. ఎక్కాక డాష్‌బోర్డు మీద చెయ్యి వేసి, "ఇదిగో, నా మూడు నెలలు తినేసిన పిల్ల" అంది. ఫోనులో కంటే గొంతు అలిసినట్టుంది. బానెట్ ఎత్తి చూసింది కూడా. ఏమీ దొరకలేదు. దొరకనందుకు ఆమె మొహం వాడిపోవడం ఎల్డన్ చూశాడు. అతనికి అర్థం కాలేదు.

ఊరి బయట పుదీనా పొలాల మధ్య రోడ్డు నాలుగు మైళ్ళు గీత గీసినట్టు ఉంటుంది. మా ఊరి కుర్రాళ్ళంతా బళ్ళు పరీక్షించుకునేది అక్కడే. కోతల రోజులు, గాలి అంతా పుదీనా వాసన. ల్యాప్‌టాప్ వైరు తగిలించి నోరీన్ బెల్టు లాగి చూసుకుంది.

"మూడో గేరు, నలభై వేగం నుంచి. నేను చాలన్నదాకా పూర్తిగా తొక్కి పట్టు. ఇరవై రావాలి. ఇవాళైనా వస్తుందో రాదో."

నలభైకి తెచ్చాడు. కాలు పెడల్ మీద ఆనించాడు. అప్పుడు తట్టింది.

మూడు నెలలుగా ఆమె టర్బోకి నేర్పిందంతా కారిపోయే గొట్టానికి సరిపడా నేర్పింది. ఇప్పుడు గొట్టం కారడం లేదు. తొక్కితే వచ్చేది ఇరవై కాదు, ఇరవై ఆరో ఇరవై ఏడో. హద్దు దాటితే మంట ఆర్పెయ్యమని ఆమె కంప్యూటరుకి చెప్పి ఉంచింది, నిజమే. అది ఆర్పేలోపు ఇంజన్ పగలొచ్చు. టర్బోలో చక్రం ముక్కలై రేకు చీల్చుకుని రావచ్చు. ఆ రేకు వెనకే నోరీన్ కాళ్ళున్నాయి. వెంట్రుకవాసి లెక్కలు వేసిన మనిషికి ఇంత సంగతి పొద్దుటినుంచీ తట్టలేదంటే, పొద్దుటినుంచీ ఆలోచించింది ఆ పై రొట్టెల గురించి.

"పద" అంది నోరీన్.

తొక్కలేదు.

"ఎల్డన్, పద. ఏమైంది?"

బ్రేకు మెత్తగా ఉందని చెప్పొచ్చు. ఇంటికి వెళ్ళి మళ్ళీ వదులు చెయ్యొచ్చు. ఆ అబద్ధం నాలుక మీద తయారుగా ఉంది. కారు మెల్లగా పక్కకి తీసి ఆపాడు. ఇంజన్ గుడగుడలాడుతూనే ఉంది. స్టీరింగు వైపు చూస్తూ అన్నాడు.

"గాలి గొట్టం పట్టీ నేనే వదులు చేశాను. ఈ పొద్దున బిగించాను. ఇప్పుడు తొక్కితే పేలిపోతుంది."

నోరీన్ కళ్ళజోడు తీసింది. "ఎప్పటినుంచి వదులు?"

"ఏప్రిల్ నుంచి."

"ఎందుకు?"

"రెండు ఆదివారాలే అన్నావు."

ఆమె పొలాల వైపు తిరిగింది. తిడుతుందనుకున్నాడు. తిడితే బాగుండునని కూడా అనుకున్నాడు.

"మా అమ్మకి అరవై నిండకుండానే మతి పోయింది ఎల్డన్. చివరికి నన్ను చూసి, ఈవిడెవరు, నా చీపురు ఎత్తుకుపోతోంది అనేది. మొన్న జూన్‌లో నేను డాక్టరు దగ్గర కూర్చుని, మతి సరిగ్గా ఉందో లేదో చూసే పరీక్షకి గడియారం బొమ్మ గీశాను. గుండ్రంగా గీసి, పదకొండూ పది చూపించమంటే ముళ్ళు పెట్టాను. ఎందుకు వెళ్ళానో తెలుసా? నీ చిట్టా నాకు అర్థం కావడం లేదని. చిన్నపిల్ల పట్టుకోగల లోపం నేను పట్టుకోలేకపోతున్నాను కదా అని. గొట్టం కారుతోందని మొదటి రోజే అన్నాను నేను. అన్నానా లేదా?"

"అన్నావు."

"నువ్వు కాదన్నావు. నేను నా బుర్రని అనుమానించాను గానీ నిన్ను అనుమానించలేదు."

ఎల్డన్ ఒంటరితనం తన ఒక్కడికే సంబంధించిన సంగతనుకున్నాడు ఇన్నాళ్ళూ. తన షెడ్డులో, తన తలుపు వేసుకుని పడే బాధ, ఎవరికీ నష్టం లేనిది. అది ఐదు వందల మైళ్ళు వెళ్ళి ఒక మనిషిని డాక్టరు ముందు కూర్చోబెట్టింది.

"నన్ను క్షమించు నోరీన్. నేను—"

"నోరు మూసుకో. పది నిమిషాలు మాట్లాడకు." కళ్ళజోడు పెట్టుకుంది. వేళ్ళు ల్యాప్‌టాప్ మీద టకటకలాడాయి. మూడు నెలలుగా ఎక్కించినదంతా ఒక్కొక్కటే దించేసింది. ముక్కు ఎగబీల్చింది ఒకసారి. తర్వాత, "ఇప్పుడు తొక్కు" అంది.

తొక్కాడు. వెనక చక్రాలు ఒక్కసారి గింజుకుని పట్టు దొరికించుకున్నాయి. టర్బో ఈల సన్నగా మొదలై చెవులు చిల్లులు పడేలా పెరిగింది. ఛాతీ మీద ఎవరో ఎక్కి కూర్చున్నట్టయింది, పుదీనా పొలాలు రెండు పక్కలా పచ్చటి చారలైపోయాయి. ఆరేళ్ళుగా ఈ క్షణం గురించి కలలు కన్నాడు. కలలో పక్క సీట్లోంచి ఎవరో కేక పెట్టి నవ్వేవాళ్ళు. ఇక్కడ నోరీన్ తెర మీంచి కళ్ళు తియ్యకుండా, "చాలు" అంది. మూడు సార్లు తోలించింది. మూడు సార్లూ ఇరవై. గీత గీసినట్టు ఇరవై.

"అయిపోయింది. నేను చూసిన వాటిలో మంచి బండి ఇది" అని ల్యాప్‌టాప్ మూసింది. ఆ మాట వినడానికి ఎల్డన్ ఏమైనా ఇచ్చేవాడు, నిన్నటి వరకు.

షెడ్డు ముందు దిగి, దిండు చంకన పెట్టుకుని తన ట్రక్కు వైపు నడిచింది. ఎల్డన్ రెండు పై రొట్టెలూ చేతుల్లో పెట్టుకుని వెనకే వెళ్ళాడు, మొద్దులా. పుల్లది కావాలో తియ్యది కావాలో కూడా అడగలేదు. ఆమె వాటినీ అతన్నీ చూసింది. ఏదీ తీసుకోలేదు. ట్రక్కు స్టార్టు చేశాక అద్దం దించింది.

"ఫోనుకి పాడైపోయిన కారు అక్కర్లేదు, తెలివైనవాడా. నంబరు నొక్కితే మోగుతుంది. మీ ఊళ్ళో ఎవరూ చెప్పలేదా ఆ సంగతి?"

వెళ్ళిపోయింది.

తర్వాత కారుకి ఏ రోగమూ లేదు. పాలకి వెళ్ళేవాడు, పెట్రోలుకి వెళ్ళేవాడు. బంకు దగ్గర ఎవరో ఒకరు వచ్చి, "ఎన్ని గుర్రాలు?" అనేవాళ్ళు. "తొమ్మిది వందల చిల్లర" అంటే ఈల వేసి, తమ కారెక్కి పోయేవాళ్ళు. రెండు నిమిషాల స్నేహం. ఆదివారం నాలుగింటికి ఎల్డన్ ఫోను బల్ల మీద పెట్టుకుని కూర్చునేవాడు. అది మోగేది కాదు. మోగుతుందని అతనూ అనుకోలేదు. ఒక ఆదివారం అలా పోయింది. రెండోది, మూడోది కూడా పోయాయి. మర తిప్పడానికైతే ఒక్క క్షణం పట్టింది. నంబరు నొక్కడానికి నాలుగు వారాలు పట్టింది.

నాలుగో ఆదివారం షెడ్డులో నిలబడి నొక్కాడు.

"ఏమైంది కారుకి?" అంది నోరీన్. గొంతు పొడిగా ఉంది.

చల్లగా ఉన్నప్పుడు స్టార్టవడం లేదని అనొచ్చు. ఏదో చప్పుడు వస్తోందని అనొచ్చు. ఆ ఒక్క ముక్క అంటే చాలు, ఇంకో అరగంట దొరుకుతుంది.

"ఏమీ కాలేదు. బాగా నడుస్తోంది."

"మరి?"

"ఊరికే చేశాను."

అవతల కుళాయి పారుతున్న చప్పుడు ఆగింది. "నాకింకా కోపం పోలేదు."

"తెలుసు."

"చాలా రోజులు పోదు కూడా."

"తెలుసు నోరీన్."

"సరే, ఊరికే చేశావు కాబట్టి ఊరికే ఏదైనా చెప్పు. కారు మాట ఎత్తావంటే పెట్టేస్తాను."

ఎల్డన్ షెడ్డు అంతా కలియజూశాడు. కారు. కారు పనిముట్లు. గోడకి కారు బొమ్మల క్యాలెండరు. దుప్పటి కింద కారు ఇంజన్. బయట వానా లేదు, ఎండా లేదు. పొద్దున్న తిన్నదేమిటో కూడా గుర్తు రాలేదు. మార్లీన్ సూట్‌కేసు పట్టుకుని గుమ్మంలో నిలబడ్డప్పుడు కూడా ఇలాగే వెతుక్కున్నాడు, ఒక్క మాట కోసం. అప్పుడూ దొరకలేదు. అవతలి నుంచి ఊపిరి వినబడుతోంది, ఇంకా పెట్టెయ్యలేదు.

"నాకు ఏం చెప్పాలో తెలీడం లేదు. ఎవరితోనూ ఏం చెప్పాలో నాకు ఎప్పుడూ తెలీలేదు" అన్నాడు.

"ఆ" అంది నోరీన్. "అది చెప్పు."

ఎల్డన్ స్టూలు లాక్కుని, కారుకి వీపు పెట్టి కూర్చున్నాడు.